తగ్గిన బరువు, మిగిలిన అన్నము

ధ్యానమునకు: యెషయా 58:1–12; మత్తయి 6:16–18



గత సంవత్సరము ఈస్టరు ఆదివారమున, మా సంఘములో సాక్ష్యములు చెప్పు సమయమందు నేను లేచి నిలువబడితిని. శ్రమదినములు నలువదింటను నేను అన్నము ముట్టలేదనియు, ప్రభువు నాకు నిగ్రహమును అనుగ్రహించెననియు, ఆ దినములలో నా శరీరము ఆరు కిలోలు తగ్గినదనియు చెప్పితిని. సంఘము స్తోత్రమని పలికెను. వెనుక బల్లల మీదివారు ఒకరిద్దరు చప్పట్లు కూడ కొట్టిరి. నేను చాల సంతోషముతో కూర్చుంటిని.

ఆరాధన ముగిసి వెలుపల చెప్పులు వేసికొనుచుండగా, మా గుడి ఊడ్చి శుభ్రపరచు మామ్మగారు నా దగ్గరకు వచ్చిరి. ఆమెకు డెబ్బది యేండ్లు దాటియుండును. "మాస్టారూ, ఒక్క మాట అడగనా అండీ?" అనిరి. అడుగుమంటిని.

"మరి తమరు మానేసిన అన్నం ఎవరు తిన్నారండీ?"

ఆమె నన్ను ఎగతాళి చేయలేదు. నిజముగానే తెలిసికొనగోరిరి. ఆమె తల్లి బ్రతికియున్న దినములలో శుక్రవారము రాత్రి తన కూడు మాని, ఆ కూటిని పక్కింటి బాలింతకో ముసలివారికో పంపెడిదట. ఉపవాసమన్నచో ఒకరు మానినది మరియొకరి నోటికి చేరునని ఆమె చిన్ననాటినుండి ఎరిగిన సంగతి. కాబట్టి మాస్టారుగారి నలువది దినముల అన్నము ఏ యింటికి చేరెనో అని ఆమెకు సందేహము కలిగెను.

నేను ఏదో గొణిగి ఇంటికి వచ్చితిని. వచ్చి వంటగదిలోని బియ్యపు డబ్బా మూత తీసి చూచితిని. నా వంతు బియ్యము ఎవరికిని పోలేదు. డబ్బాలోనే యుండెను. పురుగు కూడ పట్టెను.

అప్పటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. దేహము బరువు తగ్గుటకు అన్నము మానుట ఉపవాసమగునా? కానిచో దానిని ఏమని పిలువవలెను? ఈ దినములలో మన సంఘములలో అనేకులు ఏదో యొకటి మానియున్నారు. ఒకరు అన్నము, ఒకరు చక్కెర, ఒకరు సాయంకాలము 6 గంటలు దాటిన తరువాత సమస్తమును మానినారు. కాబట్టి ఇది నా ఒక్కని సంగతి కాదని తలంచి వ్రాయుచున్నాను.

మొదట వైద్యుని మాట చెప్పెదను. నేను పదవీ విరమణ చేసిన బడిపంతులును. బల్ల మీద కూర్చుండుట, పుస్తకము చదువుట, మరల భోజనమునకు లేచుట, ఇదే నా వ్యాయామము. నా ఎత్తు 165 సెంటీమీటర్లు, నాటి బరువు 84 కిలోలు. ఆయన కాగితము మీద ఒక చిన్న లెక్క వేసి చూపెను. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, ఆ ఎత్తుచేత రెండు మారులు భాగింపవలెను. నాకు దాదాపు 31 వచ్చెను. మన దేశస్థులకు 23 దాటినచో బరువు ఎక్కువైనట్లు, 25 దాటినచో స్థూలకాయమైనట్లు లెక్కింతురట. పాశ్చాత్యులకంటె తక్కువ బరువులోనే మనకు నడుము చుట్టు క్రొవ్వు చేరి, చక్కెర వ్యాధి వచ్చుచున్నది గనుక మన హద్దును తక్కువగా పెట్టినారు. నా రక్తములో చక్కెర అప్పటికే హద్దు మీద నున్నది. "మాస్టారూ, అన్నం సగానికి తగ్గించండి, రోజూ నడవండి" అని ఆయన చెప్పెను. సగము తగ్గించుమనెను గాని సమస్తము మానుమనలేదు. ఆ మానుట నా స్వంత ఉత్సాహము.

ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరులో, మెక్కారిసన్ అను వైద్యుని చేతిక్రింద, ఒక గదిలో ఆరంభమాయెను. అతడు ఆనాడు పరిశోధింపబూనినది బెరిబెరి వ్యాధి. మరలో బాగుగా తెల్లబరచిన బియ్యమే ఆధారముగా బ్రతుకువారికి విటమిను చాలక, కాళ్లు చచ్చుబడి, గుండె నీరసించి ప్రాణము పోయెడి జబ్బు అది. ఆ సంస్థ 1958లో హైదరాబాదు చేరెను, 1969లో ఇప్పటి పేరు పొందెను. 2024లో అది ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో నూనె, చక్కెర, ఉప్పు తగ్గించుడి, పొట్ట పెరుగనీయకుడి అని హెచ్చరికలున్నవి. తిండి చాలనివారి కొరకు పుట్టిన సంస్థ, నూరేండ్లు తిరిగినంతలో తిండి ఎక్కువైనవారికి కూడ బుద్ధి చెప్పవలసి వచ్చినది. మన దేశములో ఈ యిరువురును ఒకే వీధిలో నివసించుచున్నారు. ఒక్కొక్కప్పుడు ఒకే గుడిలో ఒకే బల్ల మీద కూర్చుందురు.

కాబట్టి వైద్యుడు చెప్పగా తిండి తగ్గించుకొనుట తప్పు కాదు. అది వివేకము. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిను వాడువారు మాత్రము వైద్యుని అడుగక పూటలు మానకూడదు. మందు తన పని తాను చేసికొనిపోవును, లోపల అన్నము లేనిచో రక్తములో చక్కెర మరీ పడిపోయి మనిషి సొమ్మసిల్లును. భక్తి పేరట ఈ పని చేసి ఆసుపత్రికి చేరినవారిని నేనెరుగుదును. ఇంకొక మాట. అన్నము మానిన మొదటి వారములో తగ్గు బరువులో చాల భాగము నీరే. మన దేహము కండలలోను కాలేయములోను పిండిపదార్థమును కొంత దాచుకొనును. ఆ నిలువతో బాటు దానికి రెండు మూడింతల నీరు కూడ నిలిచియుండును. నిలువ ఖర్చుకాగానే నీరు వెళ్లిపోవును. మొదటి ఆదివారము త్రాసు మీద రెండు కిలోలు తగ్గుట చూచి నేను మోకరించి స్తుతించితిని. చాలమట్టుకు నీటి కొరకే స్తుతించితినని తరువాత తెలిసెను.

సరే, బరువు తగ్గుట వివేకమైనచో, బరువుగా నుండుట పాపమా? అట్లు బోధించినవారున్నారు. 1957లో అమెరికా దేశములో చార్లీ షెడ్ అను ప్రెస్బిటేరియన్ కాపరి, ప్రార్థన చేత బరువు పోగొట్టుకొనుటను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. అతడు స్వయముగా నూరు పౌనులు తగ్గినవాడు గనుక అనుభవముతోనే వ్రాసెను. దేహముమీది అధిక బరువు దేవునికి అవిధేయతయని అతని వాదము. అటుపిమ్మట ఇట్టి పుస్తకములు అనేకములు వచ్చినవి. 2011లో కాలిఫోర్నియాలో ఒక పెద్ద సంఘము దానియేలు పేరట ఆహారనియమము నొకటి ఆరంభించెను. మన ప్రాంతములో కూడ దానియేలు ఉపవాసమని పది దినములు కూరగాయలు మాత్రమే తిని బరువు చూచుకొనువారు కలరు.

అయితే దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును నిదానముగా చదువుడి. ఆ నలుగురు యౌవనస్థులు పది దినములు శాకధాన్యాదులు తిని, నీళ్లు త్రాగిన తరువాత ఏమాయెను? మన తెలుగు అనువాదములో ముఖకళను గూర్చిన మాటగా వచ్చినను, హెబ్రీ మూలములో నున్న మాటకు మాంసము పట్టి పుష్టిగా నుండుట అని అర్థము. రాజుగారి భోజనము తిన్నవారికంటె వీరు లావుగా కనబడిరి! అదే మాట ఫరో కలలోని బలిసిన ఆవులను గూర్చియు వ్రాయబడెను. న్యాయాధిపతుల గ్రంథములో మోయాబు రాజైన ఎగ్లోను బహు స్థూలకాయుడని చెప్పుటకును అదే మాట. ఆవులయందు సమృద్ధి, దానియేలునందు దేవుని కాపుదల, ఎగ్లోనునందు పరిహాసము, 73వ కీర్తనలో గర్విష్ఠుల సుఖజీవనము. ఒక్క మాటకే ఇన్ని సందర్భములున్నప్పుడు, లావు పాపమనియు సన్నము పరిశుద్ధమనియు ఏ ఆధారముచేత చెప్పుదుము? మన ప్రభువునే ఆయన శత్రువులు తిండిపోతని నిందించిరి గదా (లూకా 7:34).

దీనిని ఇంత గట్టిగా చెప్పుటకు నాకు కారణము కలదు. మా సంఘములో ఒక సహోదరి యుండెను. కంఠగ్రంథి జబ్బుచేత ఆమె దేహము పెరిగినది. తినునది మా అందరికంటె తక్కువ. ఒకనాడు స్త్రీల కూడికలో, పేరు చెప్పకుండ గాని అందరికి తెలియునట్లు, శరీరేచ్ఛలను గూర్చి ఒకరు ప్రసంగించిరి. ఆమె మూడు మాసములు బల్లారాధనకు రాలేదు. నేను త్రాసు మీదికెక్కి వచ్చి సాక్ష్యము చెప్పిన దినమున ఆమె నాలుగవ వరుసలో కూర్చుండియుండెను. ఆరు కిలోలు తగ్గుట ప్రభువు జయమని నేను పలికినప్పుడు, తగ్గని దేహమును గూర్చి నేనేమి పలికినట్లాయెను? ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు. రాత్రి నిద్ర పట్టక పండుకొనియుండగా తోచెను.

బరువుగా నుండుట పాపము కానిచో, తిండి తగ్గించుట దానంతట అది పుణ్యమును కాదు. పైగా దానిలో ఒక ఉరి కలదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమందు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆకలిని గూర్చి ఒక పరీక్ష చేసెను. యుద్ధములో నలిగిన ఐరోపాలో ఆకలిగొన్నవారిని మరల ఎట్లు పోషింపవలెనో తెలిసికొనుటకై చేసిన పని అది. ముప్పదియారుగురు యువకులు తమ్మును తామే అప్పగించుకొనిరి. వారు మనస్సాక్షినిబట్టి ఆయుధము పట్టనొల్లనివారు. మెన్నోనైటు, బ్రెథ్రెన్, క్వేకరు సంఘములవారు వారిలో అనేకులుండిరి. ఆరు మాసములు వారికి సగము తిండి పెట్టిరి. తమ బరువులో నాలుగవ వంతు పోగొట్టుకొనిరి. దేహము క్షీణించుట ఆశ్చర్యము కాదు గాని, మనస్సునకు కలిగినది చూడుడి. పరులు తినునది కొనవలెనని, యుద్ధము ఆపవలెనని, లోకమునకు మేలు చేయవలెనని వచ్చిన ఆ యువకులు, పగలెల్ల తిండిని గూర్చియే మాటలాడసాగిరి. కొందరు వంట పుస్తకములు కూర్చుకొని చదువుచుండిరి. పళ్లెములు నాకిరి. ఒక్క భోజనమును గంటల తరబడి సాగదీసి తినిరి. స్నేహము, వినోదము, చదువు అన్నియు వెనుకబడెను.

నా సంగతియు చిన్న మాత్రముగా అట్లే యుండెను. ఆ నలువది దినములు నేను ప్రభువు శ్రమలను ధ్యానించితినని చెప్పుకొంటిని. నిజము చెప్పవలెనన్నచో ఎక్కువగా ధ్యానించినది జొన్నరొట్టెను. ఎన్ని గంటలకు తినవచ్చును, ఎన్ని తినవచ్చును, గుప్పెడు వేరుసెనగలలో ఎంత శక్తి యున్నది, మీగడ తీసిన మజ్జిగ మంచిదా తీయనిది మంచిదా. సిలువయొద్ద సాయంకాలపు ప్రసంగము జరుగుచుండగా నా చెవికి పొరుగింటి తాలింపు చిటపట వినబడెను. అది ఆవాలా జీలకర్రయా అని కూడ గుర్తుపట్టితిని. కడుపే తమకు దేవుడైనవారిని గూర్చి పౌలు ఫిలిప్పీయులకు వ్రాసియున్నాడు. నిండిన కడుపును గూర్చియే వ్రాసెనని ఇన్నాళ్లు అనుకొంటిని.

మరియు ఈ నియమము ఎవరి చేతులమీదుగా జరిగెను? సి. ఎస్. లూయీస్ అను రచయిత 1942లో ప్రచురించిన "స్క్రూటేప్ లెటర్స్" అను పుస్తకములో ఒక వృద్ధురాలి సంగతి కలదు. ఆమె చాల కొంచెమే కోరును, ఒక గిన్నెడు టీ, ఒక రొట్టెముక్క, అంతే. కాని అది సరిగా ఆమె కోరినట్లే యుండవలెను. వడ్డించినవాటిని త్రోసివేసి, పనివారిని, ఇంటివారిని విసిగించును. తాను మితాహారినని ఆమె నమ్మకము. ఇదియు తిండిపోతుతనమేయని లూయీస్ భావము. ఆ పుస్తకము నేను యౌవనమున చదివి ఆ వృద్ధురాలిని చూచి నవ్వితిని. మొన్న మా యింటిదానిని, నా పథ్యము నీకు కష్టమాయెనా అని అడిగితిని. "ఇదివరకు పొయ్యి మీద అన్నం గిన్నె, కూర గిన్నె. ఇప్పుడు మీకు రొట్టె, మీకు ఉప్పులేని కూర, మీకు మొలకలు, నాకూ పిల్లాడికీ అన్నం. నలభై రోజులు మీరు తిండి మానేశారు, నేను నడుం వాల్చడం మానేశాను. అంతే కదండీ" అని, కూరగాయలు తరుగుటకు పోయెను. ఆమె కూడ ఆ నలువది దినములు ఏదో యొకటి అర్పించినది. సంఘములో సాక్ష్యము చెప్పినవాడను నేను.

ఖర్చు సంగతి చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని చెప్పెదను. పూటకు 150 గ్రాముల బియ్యము చొప్పున దినమునకు 300 గ్రాములు. నలువది దినములకు 12 కిలోలు. కిలో 50 రూపాయలు వేసికొన్నను 600 రూపాయలు నేను మిగిల్చితిని. అదే కాలములో బాదముపప్పునకు, ఆలివు నూనెకు, ఓట్సునకు, కొర్రలకు, పటములో చూచి తెప్పించిన విత్తనములకు మూడువేల రూపాయలకు పైగా ఖర్చు పెట్టితిని. విందుకంటె ఖరీదైన ఉపవాసము చేసితిని.

కొర్రలను గూర్చి చెప్పితిని గనుక ఇక్కడ కొంచెము ఆగెదను. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. కొర్రలు, సామలు, అరికెలు ఇప్పుడు అందమైన సంచులలో బియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముచున్నారు. మన తాతముత్తాతలలో అనేకులకు ఇవియే కూడు. రాగిసంకటి, జొన్నకూడు, కొర్రన్నము. వరియన్నము పండుగ దినమున, లేక ఆసాములయింట పెండ్లి దినమున విస్తళ్లలో మిగిలినప్పుడు. 1876–78 నాటి గొప్ప కరవులో అవియు దొరకలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్, కరవుపని చేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితో కొద్దిపాటి డబ్బును చాలునని విధించెను. ఒక పౌను మన లెక్కలో అరకిలోకంటె తక్కువ. ఎండలో మట్టి మోయు మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి కార్నిష్ వాదించెను. కొన్ని మాసములకు ఆ కూలి పెంచిరి. అంతలో ఎందరు పోయిరో.

ఆ కాలమందే ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పనిని ఒప్పుకొని, వేలకొలది ఆకలిగొన్నవారికి పని చూపిరి. జనులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. తిండి కొరకు వచ్చుచున్నారో ప్రభువు కొరకు వచ్చుచున్నారో అని భయపడి, కరవు సహాయము సాగినంత కాలము ఆపియుంచిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయినను అన్నము కొరకు మతము పుచ్చుకొన్నవారని మన పెద్దలను లోకము నిందించుట మానలేదు. ఆ నింద నా చిన్నతనములో నేనును బడిలో విన్నాను. ఆకలితో వచ్చినవాని హృదయములో అన్నమెంత, ప్రభువెంత అని ఎవడు తూచగలడు? వారి ఉద్దేశములను ఇందరు శంకించిరి. వారి మునిమనుమడనైన నేను పొట్ట తగ్గుటకై శ్రమదినములను వాడుకొంటిని. నన్ను ఎవరును శంకింపలేదు, చప్పట్లు కొట్టిరి.

మామ్మగారు ఆ తరమునకు దగ్గరివారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన తరువాతనే తమ ఇంట దినము తప్పక తెల్లన్నము ఉడికెనని ఒకనాడు చెప్పిరి. ఆ బియ్యము తెచ్చుకొన్న మొదటి దినమున వారి అత్తగారు అన్నము ముందు కూర్చుండి చాలసేపు ప్రార్థన చేసి, ముద్ద చల్లారిన పిదప తినిరట. అట్టి ఆమె ముందట నేను, అన్నము విషమువంటిదని ఎవరో పటములో చెప్పిన మాటను కూడ సాక్ష్యములో కలిపి చెప్పితిని. ఆ ఒక్క మాటనైనను వెనుకకు తీసికొనగలిగినచో బాగుండును.

మన ప్రొటెస్టంటు సంఘములు పుట్టిన కాలమును తలంచుకొనుడి. 1522 శ్రమదినములలో జూరిచ్ పట్టణమందు ముద్రాపకుడైన ఫ్రోషవర్ ఇంట కొందరు ఎండబెట్టిన మాంసపు ముక్కలు పంచుకొని తినిరి. అతని పనివారు పుస్తకములను సంతకు సిద్ధపరచుటకై రాత్రింబగళ్లు పాటుపడుచుండిరి. నియమమును మీరిరని పట్టణపు అధికారులు విచారణ చేసిరి. జ్వింగ్లీ అక్కడనే యుండెను గాని తాను తినలేదు. తరువాత అతడు ప్రసంగించి, ఫలాని పదార్థము ఫలాని దినమున తినకూడదని మనుష్యులు విధించుటకు లేఖనాధారము లేదనెను. ఉపవసింపగోరువాడు ఉపవసింపవచ్చును, పాటుపడువాడు తినవచ్చును, గాని తన స్వాతంత్ర్యముచేత పొరుగువానిని నొప్పింపకూడదు. అంత ప్రయాసతో తొలగించిన కాడిని, ఇప్పుడు చేతిలోని ఫోనునుండి మరియొక విధముగా మెడమీద పెట్టుకొనుచున్నాము. ఇది శుద్ధము, అది అశుద్ధము, ఇది రాత్రి తినరాదు. భోజనము మనలను దేవునియొద్దకు చేర్చదని పౌలు కొరింథీయులకు చెప్పెను. తిననందున మనకు తక్కువ లేదనియు, తినినందున ఎక్కువ లేదనియు కూడ అక్కడనే యున్నది.

మరి ఉపవాసమన నేమి? రెండవ శతాబ్దములో అరిస్తీదు అను విశ్వాసి రోమా చక్రవర్తికి వ్రాసిన విజ్ఞాపనలో క్రైస్తవుల వాడుకను తెలుపుచున్నాడు. వారిలో ఒక దరిద్రుడున్నచో, అతనికి పెట్టుటకు తమయొద్ద మిగులు లేనిచో, రెండు మూడు దినములు తాము ఉపవసించి ఆ తిండిని అతనికిత్తురట. అదే శతాబ్దమున రోమాలో వ్రాయబడిన "హెర్మా కాపరి" అను గ్రంథములో ఇంకను స్పష్టముగా నున్నది. ఉపవాస దినమున నీవు తినబోయిన భోజనపు ఖరీదును లెక్కకట్టి, దానిని విధవరాలికో తండ్రిలేనివానికో అక్కరలో నున్నవానికో ఇమ్మని అక్కడ బోధ. యెషయా 58వ అధ్యాయము ఇంతకుముందే దీనిని చెప్పియున్నది. నేను ఆ అధ్యాయము మీద రెండు మారులు ప్రసంగము చేసితిని.

మన స్త్రీలు ఈ పనిని గ్రంథములు చదువకయే చేయుచున్నారు. వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరుగా సంచిలో వేసి, నెలకొకసారి గుడికి తెత్తురు. మిజోరాములోని ప్రెస్బిటేరియను స్త్రీలు 1910నుండి ఇట్లు చేసి, ఆ పిడికెళ్లతోనే సువార్తపనిని పోషించుచున్నారు. ఆ పిడికెడుచేత ఎవరి బరువును తగ్గదు. ఎవరును త్రాసు మీదికెక్కరు. నేనును ఆమెయు ఒకే పని చేసినట్లు పైకి కనబడును, పళ్లెములో కొంచెము తక్కువ. ఆమె తక్కువచేసినది గుడి గాదెలో నున్నది. నాది నా నడుము పట్టీ రంధ్రములలో నున్నది.

ఇంతమాత్రముచేత, బియ్యము దానమిచ్చినచో పథ్యము ఉపవాసమగునని నేను చెప్పుటలేదు. అది పథ్యమునకు పాపపరిహారము కొనుక్కొనినట్లగును. వైద్యుని మాటను ఇప్పటికిని పాటించుచున్నాను, కొంచెము అన్నము తిందును, దినము నడతును. తగ్గిన ఆరు కిలోలలో మూడు తిరిగి వచ్చినవి. సమస్తము మానినవారికి చాలమందికి ఇట్లే జరుగునట. దీనిని పథ్యమనియే పిలుచుచున్నాను. వివాహ విందులో వడ్డించువారిని ఆపి నా నియమమును ప్రకటించుట మానితిని. వారమునకు రెండు మారులు ఉపవసించి ఆ సంగతిని దేవాలయములో చెప్పుకొన్న పరిసయ్యుడు నాకు ఇప్పుడు దగ్గరి బంధువువలె తోచుచున్నాడు.

ఒక చిక్కు మాత్రము తీరలేదు. ఒకే మానుటలో ఆరోగ్యమును భక్తియు కలిసి యుండరాదా? మన ఉద్దేశములు ఎప్పుడు కలగాపులగముగానే యుండునవి గదా. క్లౌ దొరగారు వడగట్ట జూచిరి, తుదకు అందరిని నీళ్లలోనికి దింపిరి. నాకును అంతకంటె తేటగా తెలియదు.

ఈస్టరు అయిన మూడవ వారమున, పురుగు పట్టనిది వేరే 12 కిలోల బియ్యము కొని, సంచి మోసికొని మామ్మగారి యింటికి పోతిని. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చితినని చెప్పబోతిని గాని నోరు రాలేదు. బియ్యము తెచ్చితినని మాత్రము చెప్పితిని. ఆమె సంచి విప్పి, గుప్పెడు తీసి, అరచేతిలో పరచి చూచి, "బాగున్నాయండి" అనిరి. పొరుగున మంచము పట్టిన ముసలాయనను, ఇంకొక విధవరాలిని పేర్లతో చెప్పి, వారికి సగము పంచెదననిరి. పిమ్మట నన్ను కూర్చుండుమని పీట వేసిరి. అప్పుడే వార్చిన అన్నము, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. నేను వైద్యుని మాట ఎత్తితిని. "ఒక్క ముద్దకి ఏం కాదులెండి మాస్టారూ, ప్రార్థన చెయ్యండి" అనిరి.

చేసితిని, తింటిని. రెండవమారు వడ్డింపబోగా చేయి అడ్డము పెట్టితిని. ఆమె నా చేతిమీదుగానే పెట్టిరి.